పలికినవాడే పొరుగువాడు

మా మామయ్యగారికి బట్టల దుకాణం ఉంది. రెండు కౌంటర్లు, రెండు బిల్లింగ్ కంప్యూటర్లు, రెండింటికీ ఉమ్మడిగా నెట్‌వర్క్ కేబులుతో పనిచేసే బిల్లు ప్రింటరు ఒకటి. కిందటి శ్రావణమాసంలో, దుకాణం జనంతో కిటకిటలాడే రోజుల్లో, ఆ ప్రింటరు మొండికేయడం మొదలుపెట్టింది. అమ్మినవారు మనిషిని పంపి కేబులు మార్పించారు, డ్రైవరు తీసి మళ్లీ వేయించారు, చివరికి లోపలి బోర్డు పోయి ఉంటుందని చెప్పి ఊరుకున్నారు. సెలవుకు వెళ్లిన నాతో మామయ్యగారు, “ఒరేయ్, పొద్దున పనిచేసింది మధ్యాహ్నానికి పనిచేయదు, ఒక కౌంటరులో బిల్లు వస్తుంటే రెండో కౌంటరులో రాదు. దీనికేదో గాలి సోకినట్టుంది, కాస్త చూడు” అన్నారు.

నా ల్యాప్‌టాప్‌ను దుకాణంలోని కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టెకు తగిలించి, ప్రింటరుకు ఇచ్చి ఉన్న 192.168.1.100 అనే ఐపీ అడ్రసుకు పింగ్ చేస్తే, అంటే “ఉన్నావా?” అని అడిగితే, జవాబు వెంటనే వచ్చింది. ఇటువంటి ప్రింటర్లు బిల్లును అందుకునే 9100 పోర్టుకు (పరికరం లోపల ఒక్కో పనికి ఒక్కో తలుపు నంబరు అనుకోండి) కనెక్ట్ కాబోతే మాత్రం నిరాకరణ ఎదురైంది. అనుమానం వచ్చి, ప్రింటరు వెనక ఉన్న కేబులును ఊడదీసి మళ్లీ పింగ్ చేశాను. అప్పుడూ జవాబు వచ్చింది. కేబులు నా చేతిలో ఉంది, ప్రింటరు దేనికీ కలిసి లేదు, అయినా దాని అడ్రసు నుంచి ఎవరో పలుకుతూనే ఉన్నారు. ఆ పలికింది ఎవరో తెలియాలంటే, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలు తమ ఇరుగుపొరుగును ఎలా కనుక్కుంటాయో తెలియాలి. ఈ టపా దాని గురించే.

ఒకే స్విచ్‌కు గాని, ఒకే వైఫైకి గాని కలిసిన ప్రతి పరికరానికీ రెండు అడ్రసులు ఉంటాయి. ఐపీ అడ్రసు మనం ఇచ్చేది, అవసరాన్నిబట్టి మార్చుకునేది. మ్యాక్ అడ్రసు తయారీలోనే నెట్‌వర్క్ కార్డులోకి ఎక్కేది. మ్యాక్ అడ్రసులో 48 బిట్లు ఉంటాయి కాబట్టి, లెక్కకు 281 లక్షల కోట్ల అడ్రసులు సాధ్యమవుతాయి. అందులో మొదటి సగాన్ని ఐఈఈఈ అనే సంస్థ తయారీదారులకు కేటాయిస్తుంది, రెండో సగాన్ని తయారీదారు తన పరికరాలకు ఒక్కొక్కటిగా పంచుకుంటాడు. తెలుగువాళ్లకు ఈ ఏర్పాటును విడమరిచి చెప్పనక్కరలేదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చి సొంతపేరు తరువాత వచ్చినట్టే ఇక్కడా తయారీదారు గుర్తు ముందు ఉంటుంది, కాబట్టి మొదటి మూడు జతల అంకెలను చూస్తే ఆ పరికరం ఎవరింటిదో తెలిసిపోతుంది.

స్విచ్‌కు ఐపీ అడ్రసుతో పని లేదు. తీగ మీద వెళ్లే సమాచారపు మూటను ఫ్రేము అంటారు. స్విచ్ ఆ ఫ్రేము మీద రాసి ఉన్న మ్యాక్ అడ్రసును చూసి, ఆ అడ్రసు ఏ పోర్టు (ఇక్కడ కేబులు గుచ్చే చోటు) వైపు ఉందో తన పట్టికలో వెతికి, అటు పంపిస్తుంది. మన ప్రోగ్రాములకు తెలిసింది ఐపీ అడ్రసు మాత్రమే. బిల్లింగ్ కంప్యూటరుకు 192.168.1.100 తెలుసు, కాని ఆ అడ్రసు ఎవరి దగ్గర ఉందో, ఫ్రేము మీద ఏ మ్యాక్ అడ్రసు రాయాలో దానికి తెలియదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పూరించడానికి 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ అనే ఎంఐటీ ఇంజినీరు రాసినదే ఆర్‌ఎఫ్‌సీ 826 అనే పత్రం (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల వరుసను ఆర్‌ఎఫ్‌సీ అంటారు). అందులో వివరించిన పద్ధతిని నెట్‌వర్క్ పనివాళ్లందరూ ఆర్ప్ (అడ్రస్ రిజల్యూషన్ ప్రోటోకాల్) అంటారు. నలభై ఏళ్లు దాటినా, ఐపీ నాలుగో వెర్షన్ నడిచే ప్రతి ఇంటిలోనూ, ప్రతి ఆఫీసులోనూ ఈ నిమిషాన కూడా అదే పద్ధతి నడుస్తోంది.

పద్ధతి ఇంత: అడిగేవాడు చాటింపు వేస్తాడు. గమ్యం మ్యాక్ అడ్రసులో 48 బిట్లూ ఒకట్లే ఉన్న ఫ్రేమును పంపితే, స్విచ్ దాన్ని అన్ని పోర్టులకూ పంచుతుంది. “192.168.1.100 ఎవరిదో వారు పలకండి, నా ఐపీ ఇది, నా మ్యాక్ ఇది” అని ఆ ఫ్రేములో ఉంటుంది. అందరూ వింటారు, ఆ అడ్రసు తనదైనవాడు మాత్రం అడిగినవాడికి నేరుగా జవాబిస్తాడు. అడిగినవాడు దాన్ని తన పట్టికలో రాసుకుని, ఆపైన ప్రతిసారీ చాటింపు వేయకుండా పని నడుపుకుంటాడు. ఈథర్నెట్ (కేబుళ్ల నెట్‌వర్క్ పద్ధతి) మీద ఈ సందేశం 28 బైట్లు మాత్రమే. ఈథర్నెట్ ఫ్రేములో కనీసం 46 బైట్ల సరుకు ఉండాలన్న నియమం వల్ల, మిగిలిన 18 బైట్లను సున్నాలతో నింపి పంపుతారు. అంటే ప్రశ్న కన్నా పెట్టె పెద్దది.

ఆ పత్రంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం, ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారో ప్లమ్మర్ వాదించిన చోటు. ప్రతి యంత్రమూ తన ఉనికిని ఉండుండి తానే ప్రకటించుకోవచ్చు కదా అన్న ప్రశ్నను ఆయనే వేసుకుని, లెక్క కట్టి చూపించారు. ఒక ఈథర్నెట్ మీద 100 యంత్రాలు ఉండి, ఒక్కొక్కటి పది నిమిషాలకు ఒకసారి ప్రకటించుకుంటే ఆరు సెకన్లకు ఒక ప్యాకెట్ అవుతుంది; అది భరించదగ్గదే, కాని దానివల్ల ప్రయోజనం ఏమిటి, ఆ యంత్రాలలో చాలా వాటికి ఒకదానితో ఒకటి మాట్లాడే పనే ఉండదు కదా అని ఆయన తర్కం. అవసరమైనప్పుడే అడగాలి, అడిగినప్పుడే పలకాలి అన్న ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. మనం వాడే యంత్రాల సంఖ్య వందలరెట్లు పెరిగిన తరువాత కూడా ఆర్ప్ కూలిపోకుండా నిలబడడానికి ఆ పొదుపు ఒక ముఖ్యమైన కారణం.

అదే పత్రంలో ఉన్న మరో నియమం మామయ్యగారి ప్రింటరు కథకు నేరుగా సంబంధించినది. ఆర్ప్ సందేశం అందుకున్న యంత్రం, పంపినవాడి ఐపీ అడ్రసు తన పట్టికలో ముందే ఉందా అని మొదట చూస్తుంది. ఉంటే, పాత మ్యాక్ అడ్రసును కొట్టేసి కొత్తది రాసుకుంటుంది. ఈ ప్రశ్న తనకోసమేనా అన్నది ఆ తరువాత చూస్తుంది. వచ్చింది ప్రశ్నా జవాబా అన్నది అన్నింటికన్నా చివర చూస్తుంది, ఈ వరుస ఎవరూ తప్పకుండా ఉండాలని ఆ పత్రంలో అక్కడ రెండు ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టారు. దీని ఫలితం ఏమిటంటే, పట్టికలో ఉన్న అడ్రసు గురించి ఎవరు చివరగా మాట్లాడితే వారి మాటే నిలుస్తుంది. ఎవరూ అడగకపోయినా “ఈ అడ్రసు నాది” అని ఒకరు ప్రకటిస్తే, ఆ పట్టిక దాన్ని నమ్మి దిద్దుకుంటుంది. రుజువు అడిగే చోటు ఆ 28 బైట్లలో ఎక్కడా లేదు.

ఈ నమ్మకం లోపమనడం సులువు. కాని యంత్రానికి నెట్‌వర్క్ కార్డు మార్చినప్పుడు, ఒక సర్వరు ఆగిపోయి రెండోది అదే ఐపీతో లేచినప్పుడు, ఇరుగుపొరుగు పట్టికలన్నీ క్షణాల్లో సరిపడడానికి ఇదే నియమం పనికొస్తోంది. దీన్నే దుర్వినియోగం చేసి, రూటరు అడ్రసు తనదని ప్రకటించుకుని ఇతరుల రాకపోకలను తన మీదుగా మళ్లించుకునేవారు కూడా ఉన్నారు. హాస్టల్ వైఫైలలో, కాలేజీ ల్యాబులలో ఈ పని చాలా తేలిక. పెద్ద సంస్థల స్విచ్‌లు దీన్ని అడ్డుకోవడానికి, డీహెచ్‌సీపీ (అడిగిన పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) ద్వారా ఏ ఐపీ ఏ పోర్టులో ఏ మ్యాక్‌కు దక్కిందో గుర్తుపెట్టుకుని, దానితో పొసగని ఆర్ప్ సందేశాన్ని అక్కడికక్కడే పారేస్తాయి. చిన్న దుకాణాల్లో కొనే ఎనిమిది పోర్టుల స్విచ్‌లకు అంత శక్తి ఉండదు.

ఇక నా ల్యాప్‌టాప్‌లో పొరుగు పట్టికను తెరిచి చూశాను. 192.168.1.100 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రసుకూ, ప్రింటరు అడుగున అంటించిన స్టిక్కరు మీది మ్యాక్ అడ్రసుకూ పొంతన లేదు, ఇంటిపేరే వేరు. ఐఈఈఈ జాబితాలో వెతికితే, ఆ ఇంటిపేరు ప్రింటర్లు చేసేవారిది కాదు, నిఘా కెమెరాలు చేసేవారిది. తల ఎత్తి చూస్తే అటక మీద కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె మిణుకుమిణుకుమంటూ కనిపించింది.

జరిగింది ఇది. ప్రింటరుకు 192.168.1.100 అనే అడ్రసును అమ్మినవారు చేత్తో పెట్టి వెళ్లారు. దుకాణంలోని రూటరు, అడ్రసు అడిగిన పరికరాలకు 100 నుంచి మొదలుపెట్టి పంచుతోంది. ప్రింటరును రాత్రిపూట ఆపి వెళ్తారు, కెమెరాలు మాత్రం రాత్రంతా నడవాలి. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు డీవీఆర్ కొత్తగా అడ్రసు అడిగింది. ఎవరికైనా అడ్రసు ఇచ్చే ముందు దాన్ని ఇంకెవరైనా వాడుతున్నారేమో పింగ్ చేసి చూడడం మంచిదని డీహెచ్‌సీపీ నియమాలు అడ్రసులు పంచే సర్వరుకు (ఇక్కడ రూటరుకు) చెబుతాయి. తీసుకునేవాడు కూడా ఆర్ప్‌తో ఒకసారి అడిగి చూసుకోవాలని చెబుతాయి. ఇద్దరూ అడిగినా ఆ రాత్రి ఫలితం ఉండేది కాదు, ఎందుకంటే పలకవలసిన ప్రింటరు నిద్రలో ఉంది. తెల్లవారి ప్రింటరును వెలిగిస్తే, అది ఎవరినీ అడగకుండా తన పాత అడ్రసులోకి వచ్చి కూర్చుంది. ఒకే ఇంటి నంబరుతో రెండు గడపలు తయారయ్యాయి.

ఇటువంటి గొడవ రాకుండా ఉండడానికి పద్ధతి లేకపోలేదు. 2008లో స్టువర్ట్ చెషైర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5227 ప్రకారం, కొత్త అడ్రసులోకి దిగబోయే పరికరం ముందుగా మూడుసార్లు చాటింపు వేసి “దీన్ని ఎవరైనా వాడుతున్నారా?” అని అడగాలి. ఇక్కడ ఒక సున్నితమైన మర్యాద ఉంది: అలా అడిగేటప్పుడు పంపినవాడి ఐపీ స్థానంలో 0.0.0.0 అని రాయాలి. తన సొంతమో కాదో ఇంకా తేలని అడ్రసును అక్కడ రాస్తే, పైన చెప్పిన నియమం ప్రకారం విన్నవాళ్ల పట్టికలు చెడిపోతాయి. అడగడంలోనే ఎవరికీ హాని కలగకూడదన్న ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చుతుంది. ఎవరూ పలకకపోతే, అప్పుడు రెండుసార్లు తన అడ్రసును ప్రకటించుకుని పనిలోకి దిగాలి. చాలా కంప్యూటర్లూ ఫోన్లూ ఇలాంటి పరీక్ష చేసుకుంటాయి. మామయ్యగారి బిల్లు ప్రింటరు చేసుకోదు.

మరి ఒక కౌంటరులో పనిచేస్తూ రెండో కౌంటరులో పనిచేయకపోవడం ఎందుకు? ఏ రెండు కంప్యూటర్ల పట్టికలూ ఒకటి కావు కాబట్టి. ఎవరు ఎప్పుడు అడిగారు, వారికి ఎవరి జవాబు ముందు చేరింది, ఎవరిది వెనక చేరింది అన్నదాన్నిబట్టి ఎవరి పట్టిక వారిది. మూల పత్రం ప్రకారం చివరి మాటే నిలవాలి. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఇద్దరు పోటాపోటీగా పలికినప్పుడు పట్టిక ఊగిసలాడకుండా, ఒకసారి రాసుకున్న అడ్రసును మామూలుగా ఒక సెకను పాటు మార్చనివ్వదు. ఇద్దరూ ఆ సెకనులోపే పలికితే ముందు పలికినవాడే గెలుస్తాడు. కాబట్టి ఒక కౌంటరుకు ప్రింటరు దొరికింది, మరొక కౌంటరుకు డీవీఆర్ దొరికింది.

పట్టికలో రాసుకున్నది శాశ్వతం కూడా కాదు. ఎంతకాలం గుర్తుంచుకోవాలన్నది ప్లమ్మర్ తన పత్రం పరిధిలోకి రాదని వదిలేశారు, దాంతో తయారీదారులు ఎవరి దారి వారు చూసుకున్నారు. సిస్కో రూటర్లు మామూలుగా నాలుగు గంటలు గుర్తుంచుకుంటాయి. లైనక్స్ 15 నుంచి 45 సెకన్ల లోపు ఏదో ఒక అంకెను ఎంచుకుని, అంతవరకే ఆ జ్ఞాపకాన్ని తాజాదిగా లెక్కపెడుతుంది. గడువు దాటాక కూడా దాన్ని చెరపదు, పాతబడినట్టు గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ పని పడితే పాత అడ్రసుకే పంపి, ఐదు సెకన్లు ఓపిక పట్టి, అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ పాత మ్యాక్ అడ్రసునే నేరుగా “ఉన్నావా?” అని మూడుసార్లు అడుగుతుంది. అప్పటికీ పలకకపోతేనే మళ్లీ చాటింపు. ఇందులో ఒక చిక్కు ఉంది. తప్పు పొరుగువాడు ఒకసారి పట్టికలో కూర్చుంటే, కంప్యూటరు ధ్రువీకరణ కోసం అడిగేది ఆ తప్పు పొరుగువాడినే. అతడు “ఉన్నాను” అనే చెబుతాడు, అది అబద్ధం కూడా కాదు. అందుకే మా దుకాణంలో చెడిన కౌంటరు గంటల తరబడి చెడే ఉండేది.

ఈ చక్కని జ్ఞాపక విధానం అసలు ఐపీ ఆరో వెర్షన్ కోసం పుట్టింది. అక్కడ ఆర్ప్ లేదు. దాని స్థానంలో ‘పొరుగువారి అన్వేషణ’ అనే పేరుతోనే ఒక ప్రోటోకాల్ ఉంది, 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4861 దానికి ప్రమాణం. అక్కడ ఊరంతటికీ చాటింపు వేయరు. వెతుకుతున్న అడ్రసులోని చివరి 24 బిట్లను తీసుకుని, ఆ బిట్లతో ఏర్పడే మల్టీకాస్ట్ గుంపును (ఒకే పిలుపును కలిసి వినే పరికరాలను) మాత్రమే పిలుస్తారు. అలాంటి గుంపులు 1 కోటి 67 లక్షలకు పైగా సాధ్యం కాబట్టి, మామూలు నెట్‌వర్క్‌లో ఒక గుంపులో ఇద్దరు పడడం అరుదు. తక్కినవారి నెట్‌వర్క్ కార్డులే ఆ పిలుపును వడగట్టి పక్కనపెడతాయి, ప్రాసెసరును నిద్రలేపవు. ఇంకొకటి, ఈ సందేశాలన్నీ హాప్ లిమిట్ 255తో రావాలని నియమం. రూటరు దాటిన ప్రతిసారీ ఆ అంకె ఒకటి తగ్గుతుంది కనుక, 255 చెక్కుచెదరకుండా అందిందంటే ఆ మాట ఏ రూటరూ దాటి రాలేదని అర్థం. దూరాన ఉన్నవాడు పొరుగువాడిగా నటించకుండా ఒక్క అంకెతో కట్టడి చేసిన ఈ ఉపాయం నన్ను మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపరిచింది. అయితే అదే తీగ మీద ఉన్నవాడు అబద్ధమాడితే అది కూడా ఏమీ చేయలేదు.

ఇక్కడ ఇంటిపేరు గురించి ఒక మాట చేర్చాలి. డీవీఆర్‌ను నేను ఇంటిపేరుతో పట్టుకున్నాను కాని, ఇప్పుడు ఫోన్లను అలా పట్టుకోలేము. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత మ్యాక్ అడ్రసును మామూలుగానే వాడుతున్నాయి, దుకాణాల్లో, విమానాశ్రయాల్లో మనిషి కదలికలను మ్యాక్ అడ్రసుతో వెంబడించే వీలు తగ్గించడానికి. అలాంటి అడ్రసును గుర్తుపట్టవచ్చు: అడ్రసులో రెండో అక్షరం 2 గాని, 6 గాని, A గాని, E గాని అయితే అది తయారీదారు ఇచ్చినది కాదు, అక్కడికక్కడ పెట్టుకున్నది. మ్యాక్ అడ్రసుల జాబితా రాసి పిల్లల ఫోన్లను వైఫైలో అదుపు చేయాలనుకునే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

పేర్లతో వెతికే పద్ధతి ఇంకొకటి ఉంది, ఎండీఎన్‌ఎస్ అని. ఫోనులో వీడియో చూస్తుండగా హాలులోని టీవీ పేరు దానంతట అదే కనిపించడం చాలావరకు దీని వల్లే. 2013లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో పరికరాలు 224.0.0.251 అనే అడ్రసుకు, 5353 పోర్టులో, “ఇక్కడ ప్రింటర్లు ఎవరున్నారు?” అన్నట్టుగా అడుగుతాయి. అడిగేవాడు తనకు ఇప్పటికే తెలిసిన జవాబులను ప్రశ్నతోపాటు జతచేస్తాడు, తెలిసినవాళ్లు మళ్లీ పలికి శ్రమపడనక్కరలేదని. వెళ్లిపోయే పరికరం తన గడువును సున్నాగా ప్రకటించి, చెప్పి మరీ వెళ్తుంది.

ప్లమ్మర్ వద్దన్న పద్ధతికి, అంటే అడగకుండానే తరచూ ప్రకటించుకోవడానికి, తగిన చోటు ఒకటి ఉంది. స్విచ్‌లు, రూటర్లు ఏ తీగ ఎవరి దాకా పోతోందో తెలుసుకోవడానికి వాడే ఎల్‌ఎల్‌డీపీ అది. 2005లో ఐఈఈఈ 802.1ఏబీ పేరుతో వచ్చింది. ప్రతి పరికరమూ మామూలుగా 30 సెకన్లకు ఒకసారి తన గుర్తునూ, ఏ పోర్టు నుంచి మాట్లాడుతోందో ఆ పోర్టు పేరునూ, ఈ మాట 120 సెకన్ల పాటు చెల్లుతుందన్న గడువునూ ప్రకటిస్తుంది. దాని గమ్యం అడ్రసును ప్రమాణాన్ని పాటించే స్విచ్‌లు ముందుకు పంపకూడదు కాబట్టి, ఆ మాట తీగ అవతలి కొసకు మాత్రమే చేరుతుంది. ఆర్ప్‌కు వీధంతా పొరుగే, ఎల్‌ఎల్‌డీపీకి గోడ కలిసినవాడే పొరుగువాడు. వందల కేబుళ్లు ఉన్న సర్వరు గదిలో పనిచేసినవారికి దీని విలువ తెలుస్తుంది. ఎవరో పదేళ్ల కిందట పెన్నుతో రాసి అంటించిన చీటీల కన్నా, అర నిమిషం కిందట ఆ పోర్టే స్వయంగా చెప్పిన మాటను నేను ఎక్కువ నమ్ముతాను. మామయ్యగారి స్విచ్‌కు ఆ సౌకర్యం లేదు కాబట్టి, అటక ఎక్కి, దుమ్ములో కేబులును చేత్తో పట్టుకుని డీవీఆర్ దాకా నడిచి నిర్ధారించుకున్నాను.

మరమ్మతుకు పది నిమిషాలు పట్టింది. రూటరు అడ్రసులు పంచే వరుసను 100 నుంచి కాక 150 నుంచి మొదలయ్యేలా మార్చాను, డీవీఆర్‌ను ఆపి వెలిగించి కొత్త అడ్రసు తీసుకునేలా చేశాను, ప్రింటరును దాని పాత అడ్రసులోనే ఉంచాను. మొదటి కౌంటరులో బిల్లు వెంటనే వచ్చింది. రెండో కౌంటరు నుంచి పంపిన బిల్లు మాత్రం రాలేదు, మామయ్యగారు నా వైపు చూశారు. ఆ కంప్యూటరు పాత మ్యాక్ అడ్రసునే పట్టుకుని, ఇప్పుడు ఆ ఐపీకి పలకని డీవీఆర్‌నే ఇంకా పిలుస్తోంది. పట్టికలోని ఆ ఒక్క వరుసను చెరిపేసి మళ్లీ పంపించగానే, ఆ కంప్యూటరు చాటింపు వేసింది, ఈసారి ఒక్కరే పలికారు, ఆగి ఉన్న మూడు బిల్లులూ వరుసగా బయటికి వచ్చాయి.